అష్టమి నాడే సముద్రానికి వెళ్దాం

సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు సముద్రానికి వెళ్లి వద్దామని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. అనగానే ఏం జరుగుతుందో చూడండి. నాన్న క్యాలెండరు తీసి సెలవు ఎప్పుడో చూస్తారు. బాబాయి వ్యాను అద్దె కనుక్కొంటాడు. అమ్మ పులిహోర ఎంతమందికి కలపాలో లెక్క వేసుకొంటుంది. నాయనమ్మ పంచాంగం తెరిచి వర్జ్యం, దుర్ముహూర్తం చూచి, ఫలానా రోజు కుదరదంటుంది. అందరి అభిప్రాయమూ అయింది. ఒక్క సముద్రాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ రోజు అది ఏ వేళకు పొంగుతుంది, ఏ వేళకు తీస్తుంది, గాలి ఎటునుంచి వీస్తుంది అన్నది ఎవరికీ పట్టదు.

ఈ పని ఇంట్లో తొమ్మిదో తరగతో పదో తరగతో చదివే మీరు చేయాలని నా వాదన. ఎందుకంటే దీనికి కావలసిన విద్య ఇంట్లో అందరికన్నా మీకే తాజాగా ఉంటుంది. చంద్రుడు, సూర్యుడు, ఆటుపోట్లు అన్న పాఠం మీ సంచిలోనే ఉంది. అది పరీక్షలో మార్కులకే గాని ప్రయాణానికి పనికిరాదని మీకు ఎవరు చెప్పారో తెలియదు. బహుశా నావంటి మాస్టర్లమే, నోటితో చెప్పకపోయినా, చెప్పే తీరుతో చెప్పి ఉంటాం.

ముందు ఎక్కడికి వెళ్తున్నామో చూద్దాం. మన నాదెండ్ల నుంచి దగ్గరలో ఉన్న సముద్రం బాపట్ల దగ్గరి సూర్యలంక. పేరులో లంక ఉన్నా మనం వెళ్లేది మామూలు తీరానికే. ద్వీపమే చూడాలంటే మన పల్నాడులోనే ఒకటుంది: నాగార్జునకొండ. నాగార్జునసాగర్ జలాశయం నిండినప్పుడు లోయంతా మునిగి, కొండ తల మాత్రం నీటి పైన మిగిలింది. అందుకే అక్కడ లాంచీ దిగగానే రాయే గాని ఇసుక తీరం ఉండదు. మునిగిన కొండకు ఇసుక ఎవరు తెచ్చి పోస్తారు? ద్వీపమూ కావాలి, ఇసుకా కావాలి, అలలూ కావాలి అంటే అదే కృష్ణానది వెంట చివరిదాకా పోవాలి. గుంటూరు, తెనాలి, రేపల్లె మీదుగా వెళ్లి, పెనుమూడి దగ్గర వంతెన దాటితే పులిగడ్డ వస్తుంది. అక్కడ కృష్ణ రెండు పాయలుగా చీలి, మధ్యలో ఉన్న నేలను రెండు చేతులతో పొదివి పట్టుకొన్నట్లు పట్టుకొని సముద్రంలో కలుస్తుంది. ఆ నేలే దివిసీమ. దివి అంటేనే ద్వీపం. అవనిగడ్డ, కోడూరు దాటి ముందుకు పోతే హంసలదీవి, ఆ పైన పాలకాయతిప్ప తీరం, నది సముద్రంలో కలిసే చోటు. గడ్డ, దీవి, లంక, తిప్ప — ఆ ప్రాంతపు ఊళ్ల పేర్లు వరుసగా చదివితే చాలు, భూగోళం పాఠం అయిపోతుంది. నీరు ఒండ్రును తెచ్చి పోగుచేసిన నేలకు జనం పెట్టుకొన్న పేర్లవి.

ఇదంతా కలిపి మన ఊరి నుంచి సుమారు 150 కిలోమీటర్లు. తెల్లవారి ఆరింటికి బయలుదేరితే, మధ్యలో ఆగే చోట ఆగి, తినేచోట తిని, ఇసుకలో కాలు పెట్టేసరికి పది, పదకొండు అవుతుంది. ఈ గంటను గుర్తు పెట్టుకోండి. తరువాత దీనితో పని ఉంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రిందటి మాట. కార్తీక పౌర్ణమికి మా కుటుంబం, మా చెల్లెలి కుటుంబం కలిసి సముద్ర స్నానానికి వెళ్లాం. ఏ తీరమన్నది ఇక్కడ అవసరం లేదు. మా మేనల్లుడు అప్పుడు తొమ్మిదో తరగతి. పదకొండు గంటలకు చేరాం. పెద్దవాళ్లు నాలుగు మునకలు వేసి ఒడ్డున కూర్చొన్నారు. పిల్లలు నీళ్లలోనే ఉన్నారు. అలలు విరిగే చోట దెబ్బలు తగులుతాయని, అలలు లేని, నీరు నిదానంగా ఉన్న చోటు చూచి నేనే వాళ్లను అక్కడికి పంపాను. నడుము లోతు కూడా లేదు. ఒంటిగంట దాటిన తరువాత మా చెల్లెలు కేక వేసింది. చూస్తే మేనల్లుడి తల మేము ఊహించని దూరంలో కనబడింది. వాడు మా వైపే ఈదుతున్నాడు; ఈదే కొద్దీ దూరమవుతున్నాడు. నాకు ఈత వచ్చు, చెరువు ఈత. నేను దూకబోతుంటే వలలు బాగుచేసుకొంటున్న ఒక పెద్దాయన నన్ను రెక్క పట్టుకొని వెనక్కు లాగి, తన కొడుకును తాడుతో పంపాడు. ఆ అబ్బాయి తిన్నగా వెళ్లలేదు. పక్కకు కొంత దూరం ఒడ్డు మీదనే పరుగెత్తి, అక్కడ నుంచి నీళ్లలోకి దిగాడు. వాణ్ణి పట్టుకొని తీసుకొచ్చేసరికి మాకు ఒక యుగం గడిచినట్లయింది.

వాడు ఉప్పునీళ్లు కక్కుకొని కూర్చొన్నాక ఆ పెద్దాయన నన్ను అడిగాడు: "ఏమండీ, పున్నమి పాటు మొదలై నాలుగు గంటలయింది. నీరు లాగుతుంటే పిల్లల్ని దించుతారా? ఏం పని చేస్తారు మీరు?"

సైన్సు మాస్టర్నని చెప్పలేకపోయాను. ఆ వారం ముందే పదో తరగతికి ఆటుపోట్ల పాఠం చెప్పి, బల్ల మీద బొమ్మ వేసి, అయిదు మార్కుల ప్రశ్న అని గీత గీయించి వచ్చినవాణ్ణి నేను.

ఆ బొమ్మను ఇప్పుడు సరిగా చూద్దాం. సముద్రం పొంగడం పోటు, తీయడం పాటు. చంద్రుడు భూమి మీది నీటిని ఆకర్షిస్తాడు. తన వైపున్న నీటిని కాస్త ఎక్కువగా, భూమి కేంద్రాన్ని కాస్త తక్కువగా, అవతలి వైపు నీటిని ఇంకా తక్కువగా. ఈ తేడాయే పోటుకు కారణం. అందుకే చంద్రుని వైపున ఒక ఉబ్బు, దానికి ఎదురుగా అవతల ఇంకొక ఉబ్బు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంటే మన తీరం రోజుకు రెండు ఉబ్బుల కిందుగా పోతుంది. రెండు పోట్లు, రెండు పాట్లు. ఈలోగా చంద్రుడూ ఊరుకోడు గదా, తన దారిన ముందుకు జరుగుతాడు. అతణ్ణి అందుకోవడానికి భూమికి మరో 50 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఈ రోజు తొమ్మిదింటికి పోటు వస్తే రేపు పది గంటలకు పది నిమిషాలు తక్కువకు వస్తుంది.

మరి సూర్యుడు? సూర్యుడి బరువు చంద్రుడి బరువుకు సుమారు 2 కోట్ల 70 లక్షల రెట్లు. దూరం సుమారు 390 రెట్లు. పోటును లేపే బలం దూరపు ఘనాన్ని బట్టి తగ్గుతుంది. 390 ఘనం ఎంతో మీరే వేసి చూడండి: 6 కోట్లకు కొద్దిగా తక్కువ. 2.7ని 5.9తో భాగిస్తే 0.46. అంటే అంత పెద్ద సూర్యుడు కూడా చంద్రుడి బలంలో సగం కన్నా తక్కువే లాగగలడు. పున్నమికి, అమావాస్యకు ఇద్దరూ ఒకే గీత మీద ఉండి బలాలు కలుస్తాయి: 1 + 0.46. అష్టమి నాడు ఒకరికొకరు అడ్డంగా ఉంటారు: 1 – 0.46. మొదటిది రెండవదానికి దాదాపు రెండు ముప్పావు రెట్లు. మొదటివాటిని పర్వ వేలాతరంగాలనీ, రెండవవాటిని లఘు వేలాతరంగాలనీ పుస్తకంలో బట్టీ పట్టారు గదా. పర్వం అంటే పండుగే. పండుగనాడు సముద్రానికీ పండుగే అన్నమాట. సముద్రం బద్ధకస్తురాలు కాబట్టి, ఈ ప్రభావం పూర్తిగా కనబడేది ఆ తిథి దాటిన ఒకటి రెండు రోజులకు.

గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో పోటుకు పాటుకు తేడా 10 మీటర్ల దాకా ఉంటుంది. మన కోస్తాలో అంత లేదు. పున్నమి రోజుల్లో మీటరు, మీటరున్నర. ఓస్, ఇంతేనా అనకండి. తీరం చాలా ఏటవాలుగా ఉంటుంది. 40 మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగే వాలు అనుకొంటే, మీటరున్నర నీరు తగ్గేసరికి గట్టు 60 మీటర్లు లోపలికి జరుగుతుంది. నీళ్లు వెళ్లిపోతున్నాయని పిల్లలు నీళ్ల వెంట వెళతారు. ఉదయం మోకాలి లోతు అని చూచుకొన్న చోటు వేరు, మధ్యాహ్నం మోకాలి లోతు వేరు. నదీ ముఖం దగ్గర ఇంకొక చిక్కు. పోటులో పాయల్లోకి ఎక్కిన నీరంతా పాటులో ఆ ఇరుకు దారినే తిరిగి సముద్రంలోకి పరుగెత్తాలి. దానికి నది తన నీరు తాను కలుపుతుంది. సాగరసంగమం చూడటానికి ఎంత పుణ్యస్థలమో, ఆ వేళలో దిగడానికి అంత ప్రమాదస్థలం. ఇసుక తిన్నెలు ఏడాదికొక చోట ఉంటాయి. పోయిన ఏడు మోకాలి లోతు ఉన్న చోట ఈ ఏడు ఏముందో నిరుడు వచ్చిన బాబాయికి తెలియదు.

ఇప్పుడు ఆ గంట సంగతికి వద్దాం. మన కోస్తాలో పున్నమికి, అమావాస్యకు పొద్దున పోటు సుమారుగా ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య నిండుకొంటుంది. అరగంట అటూ ఇటూ కావచ్చు. తొమ్మిది అనుకొందాం. అక్కడ నుంచి ఆరు గంటలు, అంటే సాయంత్రం మూడు దాటేదాకా నీరు తీస్తూనే ఉంటుంది. నాదెండ్ల వ్యాను చేరేది ఎప్పుడు? పది, పదకొండు. పిల్లలు నీళ్లలో ఉండేది? రెండు, మూడు గంటల దాకా. చూచారా! పున్నమి నాడు వెళితే మన పిల్లలు నీళ్లలో ఉండే సమయమంతా, నెలలో కెల్లా బలమైన పాటు నడుస్తున్న సమయమే. ఇంతకన్నా చెడ్డ వేళను కావాలని వెతికి పట్టుకొన్నా దొరకదు.

అదే అష్టమి నాడు? ఏడు రోజులు, రోజుకు 50 నిమిషాలు: 350 నిమిషాలు. పోటు తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడుకు జరిగింది. నవమికి మరికొంచెం ఆలస్యంగా, దశమికి నాలుగున్నరకు. అంటే మనం చేరే పది గంటలకు నీరు అట్టడుగున ఉండి, అప్పుడే ఎక్కడం మొదలుపెడుతుంది. మనం ఉన్నంతసేపూ ఒడ్డు వైపుకే వస్తుంది. పైగా ఆ రోజుల్లో వచ్చేదీ పోయేదీ బలహీనమే. కుటుంబంతో, పిల్లలతో వెళ్లేవారికి నెలలో రెండుసార్లు, అష్టమి నుంచి దశమి దాకా, సముద్రం తానే తలుపు తెరిచి పెడుతోంది.

ఇక్కడే నాయనమ్మతో పేచీ. అష్టమి నాడు బయలుదేరితే అష్టకష్టాలంటుంది ఆమె. నవమి అంతకన్నా పనికిరాదంటుంది. దయచేసి ఆమెను ఎగతాళి చేయకండి. ఇంట్లో చంద్రుణ్ణి రోజూ పట్టించుకొనేది ఆమె ఒక్కతే. మీ నాన్న చూచే క్యాలెండరులో ఆదివారం ఎర్రగా ఉంటుంది గాని సముద్రానికి ఆదివారమేమిటో తెలియదు. తిథి తెలుసు. కాబట్టి సముద్రం విషయంలో నాయనమ్మ పంచాంగం నాన్న క్యాలెండరు కన్నా మంచి పుస్తకం. ఆమె పుస్తకాన్నే తీసుకొని, ఆమె తీర్పును మాత్రం మార్చమని అడగాలి. ఆమె చెప్పే మాటల్లో ఒకటి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది: పున్నమి స్నానం తెల్లవారుజామునే చేయాలంటుంది. మన లెక్క ప్రకారం పున్నమికి తెల్లవారి మూడు గంటల నుంచి తొమ్మిది దాకా నీరు ఎక్కుతూ ఉంటుంది. ఆ వేళలో మునిగి వచ్చేస్తే పాటు మొదలయ్యేసరికి ఒడ్డున ఉంటాం. పూర్వులు ఈ లెక్క కట్టే ఆ నియమం పెట్టారని నేను చెప్పను. దానికి సాక్ష్యం లేదు, నదీ స్నానానికీ అదే నియమం ఉంది. కాని తెల్లవారుజాము స్నానాన్ని పదకొండు గంటల విహారంగా మార్చింది మనం, మన వ్యానులు. నియమంలో సగాన్ని మాత్రం ఉంచుకొన్నాం, తిథిని. వేళను వదిలేశాం.

మేనల్లుణ్ణి లాగిన దానికి పాటు ఒక్కటే కారణం కాదు. ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి వెళ్లాలి గదా. ఒడ్డుకు కొంచెం లోపలగా ఇసుక తిన్నెలు గట్లలాగా ఉంటాయి. వాటికి అక్కడక్కడ గండ్లు ఉంటాయి. నీరంతా పక్కలకు నడిచి ఆ గండి దొరికిన చోట జోరుగా సముద్రంలోకి పోతుంది. పంట కాలువ తూము దగ్గర నీళ్లు చూచారు గదా, అదే. నీరు తీసేకొద్దీ తిన్నెల మీది నీరు పలచబడి, దారి అంతా ఆ గండి ఒక్కటే అవుతుంది. గండిలో లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు. పైకి చూస్తే ప్రశాంతంగా ఉంటుంది. అందుకే నావంటి తెలివైనవాళ్లు పిల్లలను ఏరి ఏరి అక్కడికి పంపుతారు! అటూ ఇటూ తెల్లటి నురుగు విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం మట్టి రంగులో నిదానంగా ఉండి, దాని మీద నురుగు సముద్రం వైపు పోతూ ఉంటే అదే గండి. దిగబోయే ముందు పది నిమిషాలు ఎత్తు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆ పది నిమిషాలు ఎవరూ నిలబడరు.

ఆ ప్రవాహం సెకనుకు అర మీటరు ఉన్నా నిమిషానికి 30 మీటర్లు తీసుకుపోతుంది. ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో నెలకొన్న ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు. భాగించండి: సెకనుకు 2.15 మీటర్లు. ప్రపంచ విజేత కూడా దానికి ఎదురీది గెలవడం కష్టమైతే మన చెరువు ఈత ఏపాటిది? ఎదురీదవద్దు. అది కిందికి ముంచదు, దూరం లాగుతుంది, అంతే. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి కేక వేయాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పట్టీ సాధారణంగా కొన్ని పదుల మీటర్ల వెడల్పే ఉంటుంది. పక్కకు తప్పుకొన్నాక అలలే ఒడ్డుకు తోస్తాయి. ఆ రోజు తాడు పట్టుకొన్న అబ్బాయి ఒడ్డున పక్కకు పరుగెత్తింది ఇందుకే. ఒడ్డున ఉన్నవాళ్లు చెయ్యి చెయ్యి పట్టుకొని గొలుసుగా దిగడం, ఒకరి వెనుక ఒకరు దూకడం మరీ ప్రమాదం. తేలే వస్తువు ఏది దొరికితే అది, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను అయినా సరే, విసరాలి.

ఇంతా చెప్పి, అష్టమి అయితే చాలు, ఇక భయం లేదని మీరు అనుకొంటే నేను రెండో తప్పు చేసినవాణ్ణి అవుతాను. 1977లో దీపావళి నవంబరు నెలలో వచ్చింది. కొద్ది రోజుల తరువాత, నవంబరు 19న, దివిసీమను తుపాను కొట్టింది. తిథి లెక్కకు అది అష్టమి దాటిన రోజు. చంద్రుడి లెక్కకు సముద్రం అణిగి ఉండవలసిన రోజు. కాని ఆ సాయంత్రం గాలి తోసిన ఉప్పెన 5 మీటర్లకు పైగా లేచి, ఊళ్లను తుడిచిపెట్టింది. దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. చదునైన డెల్టా నేల, ఎక్కడానికి ఒక గుట్ట అయినా లేని నేల. మీరు వెళ్లబోయేది ఆ నేల మీదికే. చంద్రుడు నీటిని మీటరు లేపితే తుపాను అయిదు మీటర్లు లేపగలదు. తిథి ఒక సాక్షి, గాలి రెండో సాక్షి. ఇద్దరినీ అడగాలి. వాతావరణ శాఖ సూచన, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరిక, రెండూ ఇప్పుడు ఇంట్లో ఫోనులోనే దొరుకుతాయి. బయలుదేరే ముందు రాత్రి అవి చూచి, హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవాలి. పులిహోర ఇంటి డాబా మీద కూడా బాగుంటుంది.

2004 డిసెంబరు 26 సునామీ వచ్చిన రోజు పున్నమి. సముద్ర స్నానాలకు వచ్చినవారు తీరంలో ఉన్నారు. మన కోస్తాలోనే వందమందికి పైగా పోయారు. అయితే దీనికి చంద్రుడి మీద నేరం మోపకండి. సునామీ పుట్టింది సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపంతో. జనం ఆ వేళకు అక్కడ ఉండటానికి మాత్రమే పున్నమి కారణం. ఇక పడవల మాట. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణలో విహారపు పడవ తిరగబడి ఇరవై మందికి పైగా, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో అంతకు రెట్టింపు మంది పోయారు. సునామీతో సహా ఈ మూడూ ఆదివారాలే. ఆదివారానికి దోషం లేదు. దుర్ముహూర్తమూ లేదు. మనం రోజును ఎలా ఎంచుకొంటున్నామో అది చెబుతోంది. దివిసీమ వెళ్లాక అక్కడి నుంచి ఇంకో లంకకు పడవలో పోదామని బాబాయి సరదాపడితే, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉంటేనే, అది మెడలో కాక ఒంటికి బిగించుకొంటేనే ఎక్కుతామని చెప్పండి. మొహమాటపడకండి. పెద్దవాళ్ల ఎదుట మాట్లాడటం తప్పని మేమే నేర్పాం గాని, ఈ విషయంలో ఆ నేర్పిన దాన్ని మరిచిపొమ్మని నేనే అంటున్నాను.

అష్టమి సెలవు నాడే రావాలని ఎక్కడుంది అని నాన్న అడుగుతారు. నిజమే. అయితే సంక్రాంతికి బడులకు వారం పైగానే సెలవులుంటాయి. నెలకు రెండుసార్లు అష్టమి నుంచి దశమి దాకా మూడేసి రోజులు. కాస్త వెతికితే ఒకటి చిక్కుతుంది, లేకపోతే మాఘంలో చూచుకోవచ్చు. జనవరి నుంచి మార్చి దాకా బంగాళాఖాతం ఏడాదిలో కెల్లా నెమ్మదిగా ఉంటుంది, తుపానులు అరుదు, ఎండ ముదరదు. కార్తీక మాసం వనభోజనాలకు మంచిదేమో గాని, సముద్రానికి అది తుపానుల మాసం. తోటలో ఉసిరిచెట్టు కింద భోజనం చేయండి. సముద్రాన్ని రెండు నెలలు ఆగమనండి. మే నెలలో ఇసుక మీద కాలు పెట్టలేరు, నీడకు చెట్టు ఉండదు.

నిరుడు ఇదంతా మా పదో తరగతిలో చెబితే ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, అష్టమి నాడు మా నాయనమ్మ గడప దాటనివ్వదు, ఎలాగండీ?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కొంటుండగానే వెనుక బెంచీ నుంచి ఇంకొకడు అందుకొన్నాడు: "సప్తమి సాయంత్రమే బయలుదేరి రేపల్లెలో చుట్టాలింట్లో పడుకోండి. మీరు గడప దాటింది సప్తమి నాడే గదా!"

ఆ అమ్మాయి ఇంట్లో ఈ మాట చెప్పిందట. నాయనమ్మ కాసేపు ఆలోచించి, రేపల్లెలో ఎవరి ఇంట్లో దిగాలని మాత్రం అడిగిందట.